ప్రశ్న అడిగితే విశ్వాసం తగ్గిపోతుందా?



ఓ.పి. గదిలో మేము తరచుగా చూసే సంగతి ఒకటున్నది. రోగి మందుల చీటీ తీసుకొని లేస్తారు. తలుపు దాకా వెళ్లి ఆగుతారు. వెనక్కి తిరిగి, "అమ్మా, ఒక మాట అడగొచ్చా?" అంటారు. కుర్చీలో కూర్చున్నప్పుడు రాని మాట గడప దగ్గర బయటికి వస్తుంది. కొందరు అదీ అడగరు. బయట చెట్టు కింద ఆయమ్మను పట్టుకొని, "ఈ మాత్రలు ఎన్నాళ్లు మింగాల?" అని అడుగుతారు. మరికొందరు గొంతు బాగా తగ్గించి ఇంకొక ప్రశ్న వేస్తారు. "మేమేం పాపం చేశామని దేవుడు మాకీ జబ్బు ఇచ్చాడు?" అడిగిన వెంటనే, అనకూడని మాట అన్నామని నాలుక కరచుకుంటారు.

అలా నాలుక కరచుకొనే అలవాటును గురించే ఈ నెల నాలుగు మాటలు చెప్పదలచాము.

మన ఇళ్లలోనూ సంఘాలలోనూ "దేవుణ్ణి ప్రశ్నించకూడదు" అనే మాట చిన్నప్పటి నుండి వింటున్నాము. ఆ మాట భయభక్తుల వల్ల వచ్చినదే గనుక దానిని తేలికగా తీసివేయలేము. ఎగతాళికి అడిగేవారు ఉన్నారు. చిక్కులో పెట్టాలని అడిగేవారు యేసు ప్రభువు దినములలోనూ ఉన్నారు. అయితే తెలుసుకోవాలని అడిగేవారిని ఆయన ఎన్నడైనా తోసివేశాడా? మాకైతే అలాంటి చోటు సువార్తలలో కనబడలేదు. పన్నెండేళ్ల ప్రాయంలో యేసు దేవాలయములో బోధకుల మధ్య కూర్చుండి వారి మాటలు విన్నాడనీ, వారిని ప్రశ్నలు అడిగాడనీ లూకా వ్రాశాడు. బెరయ ఊరివారు పౌలు చెప్పిన మాటలను సైతం లేఖనములతో సరిచూసుకున్నారు. అందుకు వారికి మెప్పే గాని గద్దింపు రాలేదు.

"మరి జెకర్యా సంగతేమిటి? అడిగినందుకు మూగవాడు కాలేదా?" అని పెద్దలు అంటారు. మంచి ప్రశ్నే. అదే లూకా మొదటి అధ్యాయములో మరియ కూడా అడిగింది. ఇది ఎలా జరుగుతుందని దూతనే అడిగింది. ఆమెకు గద్దింపు రాలేదు, వివరణ వచ్చింది. ఇద్దరూ అడిగినవారే. దూత గద్దించినది జెకర్యా నమ్మకపోవడాన్ని, అడగడాన్ని కాదు. ఆ జెకర్యాను కూడా దేవుడు విడిచిపెట్టలేదు. బిడ్డ పుట్టాడు, మాట తిరిగి వచ్చింది.

ఇక మన ప్రాంతపు సంగతికి వద్దాము. ఉదయగిరి చుట్టుపట్ల మెట్ట ఊళ్లలో పళ్ల మీద గోధుమరంగు చారలున్న పిల్లలను, నడుము వంగి మెడ తిప్పలేని పెద్దలను ఎరుగని వారుండరు. వెనుకటి తరాలవారు దానిని వయసు అన్నారు, కర్మ అన్నారు, శాపం అన్నారు. క్రైస్తవ ఇళ్లలో పాపఫలం అన్నవారూ లేకపోలేదు. ముందుగా ఎడ్లు కీళ్లు బిగిసి నడవలేకపోవడం రైతులు గమనించారనీ, ఆ తరువాతనే మనుషులలో చూశారనీ చెబుతారు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు నెల్లూరు జిల్లాలోని ఈ జబ్బును గూర్చి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వ్రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను గూర్చి వెలువడిన తొలి వైద్య రచనలలో అది ఒకటి. అప్పటికి పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు వేరుపడ్డాయి.

ప్రశ్న ఎలా మారిందో చూడండి. "ఎవరు చేసిన పాపం?" అని అడిగినంత కాలం వంగిన నడుము గలవారికి దొరికింది అవమానమే. "ఏ బావి నీళ్లు?" అని అడిగిన నాడు దారి కనబడింది. రాళ్లలోని ఫ్లోరైడు భూగర్భజలంలో కరిగి వస్తుంది. దానికి రంగు లేదు, రుచి లేదు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉండాలనీ, వేరే నీళ్లు లేని చోట ఒకటిన్నర దాటరాదనీ మన దేశపు ప్రమాణం. కాచితే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దానిలో ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరుతోనూ పోదు. ఎముకలు ఒకసారి వంగిన తరువాత వాటిని తిరిగి నిటారుగా చేసే మాత్ర లేదు. అయితే మంచి నీళ్లకు మారితే పిల్లలను కాపాడుకోవచ్చు. కాబట్టి ఈ ప్రశ్న అడగడం ఆలస్యమైన కొద్దీ నష్టపోయేది ఇంకా పళ్లు రాని పసిబిడ్డలే.

శిష్యులు కూడా మనలాగే అడిగారు. పుట్టు గుడ్డివానిని చూసి, పాపం చేసినది వీడా, వీని తల్లిదండ్రులా అన్నారు. ఇద్దరూ కాదని ప్రభువు చెప్పాడు. అడిగినందుకు వారిని కోపగించుకోలేదు, ప్రశ్నను సరిచేశాడు. అటు తరువాత బురద చేసి కన్నులకు పూసి, సిలోయము కోనేటికి వెళ్లి కడుగుకొమ్మన్నాడు.

యోహాను తొమ్మిదవ అధ్యాయము అక్కడితో ముగియలేదు. చూపు వచ్చిన కుమారుని గురించి పరిసయ్యులు నిలదీస్తే తల్లిదండ్రులు జడిశారు. సమాజమందిరములో నుండి వెలివేస్తారని భయపడి, వాడు పెద్దవాడు గదా, వాణ్ణే అడగండి అన్నారు. కుమారుడు మాత్రం జడవలేదు. పెద్దలకే ఎదురు ప్రశ్న వేశాడు. అతనిని వెళ్లగొట్టారు. అప్పుడు ప్రభువు అతనిని వెదకి కనుగొన్నాడు. ఈ భాగము చదివినప్పుడల్లా మాకు ఒక దిగులు కలుగుతుంది. మన సంఘములో ప్రశ్న అడిగిన యౌవనస్థుడు ఎవరి వలె బయటికి వెళ్తున్నాడు? అతనిని వెదకి వెళ్లేవారు మనలో ఎవరు?

వెదకినవారి వలననే ఈ ప్రాంతములో సువార్త వేరుపట్టింది. తాళ్లకొండపాడు యెర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ కుటుంబీకుడు. ఆయన గురువులను ఆశ్రయించి యోగం నేర్చి, సత్యమేదో తెలియాలని ఎన్నో ఏళ్లు తిరిగిన మనిషి. 1866లో బాప్తిస్మము పొందారు. ఆయన ఊరిలో మొదలైనది ఒంగోలు ప్రాంతమంతటా వ్యాపించింది. "అడగవద్దు, ఊరకుండు" అన్న మాటకు ఆయన లోబడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన పాల్ బ్రాండ్ డాక్టరుగారి సంగతీ అలాంటిదే. కుష్ఠు వచ్చినవారి వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని లోకమంతా నమ్ముతున్న కాలమది. నిజంగా అలాగేనా అని ఆయన అడిగారు. స్పర్శ పోయినందువల్ల కాలినా, కోసుకున్నా తెలియక, ఆ పుండ్లు ముదిరి వేళ్లు పోతున్నాయని చూపించారు. వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసి పనికి వచ్చేలా చేశారు. ఆయన ప్రార్థించే మనిషి. ఆయన విశ్వాసానికి ప్రశ్న అడ్డు రాలేదు.

అయితే జవాబు దొరకని ప్రశ్నలూ ఉన్నాయి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి "ఎందుకు?" అని అడిగితే మా దగ్గర జవాబు లేదు. యోబుకు కూడా తన శ్రమకు కారణమేమిటో దేవుడు చెప్పలేదు. అయినా దేవుడు యోబుతో మాట్లాడాడు. కోపగించినది మాత్రం, ప్రశ్నలన్నిటికీ జవాబులు సిద్ధంగా పెట్టుకొని వచ్చిన అతని స్నేహితుల మీద. సిలువ మీద ప్రభువే "ఎందుకు" అని అడిగాడు. కాబట్టి దుఃఖములో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు "దేవుని చిత్తము" అని తొందరపడి ఆ తల్లి నోరు మూయించవద్దని మా మనవి. పక్కన కూర్చోండి. ఆమెను అడగనివ్వండి.

ఇక మా తప్పు కూడా ఒప్పుకోవాలి. వరుసలో జనం ఎక్కువైన రోజున మేమే రోగుల మాట మధ్యలో తెంచుతాము. "చెప్పినట్టు చేయండి, చాలు" అంటాము. అది సరి కాదు. బర్తిమయి గుడ్డివాడని అందరికీ కనబడుతున్నా, నీకేమి కావాలని ప్రభువు అతనిని అడిగాడు గదా! ఆయన పేరు మీద నడిచే చోట అడగడానికీ వినడానికీ సమయం ఉండాలి. మేము దిద్దుకుంటాము. మీరు కూడా గడప దాకా వెళ్లకముందే ఇవి అడగండి:

నాకున్న జబ్బు పేరేమిటి? ఈ మందు దేనికి, ఎన్నాళ్లు వాడాలి? ఏ గుర్తు కనబడితే వెంటనే తిరిగి రావాలి? మేము తాగే నీళ్లు పరీక్ష చేయించాలా? డబ్బు ఇబ్బంది ఉంటే వేరే దారి ఉందా?

ఇంకొక మాట. ప్రార్థన చేయించుకున్నాము గనుక మందులు ఆపేయవచ్చా అనే సందేహం వస్తే, ఆపిన తరువాత కాదు, ఆపకముందే వచ్చి అడగండి. క్షయకు మందులు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. దగ్గు తగ్గిందని మధ్యలో మానేస్తే జబ్బు మొండిదై తిరిగి వస్తుంది. బి.పి., షుగరు మాత్రలూ అంతే. మీరు ప్రార్థిస్తూనే అడగండి, మేమూ ప్రార్థిస్తూనే జవాబు చెబుతాము.

సండేస్కూలు ఉపాధ్యాయులకు కూడా ఒక విన్నపము. పిల్లవాడు చేయి ఎత్తితే దింపమనకండి. జవాబు తెలియకపోతే, "నాకూ తెలియదు నాయనా, కలిసి చదువుదాము" అనండి. ఆ మాట వలన మీ గౌరవం తగ్గదు.

అనుమానించిన తోమా దగ్గరికి మూసిన తలుపుల లోపలికి వచ్చి తన గాయములను చూపించిన ప్రభువు, అడిగే ప్రతివారి దగ్గరికీ అలాగే వచ్చును గాక. ఆమేన్.