ఆజ్ఞల పట్టిక రైతు చేతికి రావలెను

వరిచేలు చెరువులుగా మారిన ముదినేపల్లి మండలపు పల్లెలలో నేడు ఏ గట్టుమీదికి పోయినను, నీటిలో గాలి కలుపు ఏరియేటర్లకు కరెంటునిచ్చు స్టార్టరు డబ్బా ప్రక్కనే, వేలెడంత ఏంటెన్నాతో మరియొక చిన్న డబ్బా కనబడుచుండును. రైతులు దానిని మొబైల్ స్టార్టరందురు. ఒక సిమ్ము, ఆ సిమ్ముతో పనిచేయు మోడెము, ఆ మోడెమునకు ఆజ్ఞలిచ్చు గోరంత మైక్రోకంట్రోలరు, మోటారును కలుపుటకును విడదీయుటకును ఒక రిలే: ఇవియే దానిలోని ముఖ్యమైన సరకు. రైతు గుడివాడలో ఏ పెండ్లి పందిటనో కూర్చుండి తన ఫోనునుండి నాలుగక్షరముల సందేశము పంపినచో, ఊరిలోని చెరువున తెడ్లు తిరుగుటయో ఆగుటయో జరుగును. ఆ డబ్బాను నడుపు ఆజ్ఞలన్నియు తెలుగున అచ్చయి, డబ్బాతోపాటు కొన్నవాని చేతికి రావలెననియు, రానిచో నిండు వెల పుచ్చుకొని సగము సరకే అమ్మినట్లనియు నా దృఢాభిప్రాయము.

ఇంత చిన్న విషయమున ఇంత పట్టుదల యేల యనువారికి చెరువు సంగతి కొంత చెప్పవలసియున్నది. పగటి యెండలో నీటిలోని పచ్చని సూక్ష్మజీవులు ఆక్సిజనును పుట్టించును. రాత్రి అవియే, చేపతోను రొయ్యతోను పాలు పంచుకొని, దానిని పీల్చివేయును. కావున రైతులు డీవో అని పిలుచుకొను ఆ ప్రాణవాయువు తెల్లవారుజామున మిక్కిలి తక్కువకు దిగియుండును. లీటరుకు 3 మిల్లీగ్రాములకంటె తగ్గినచో రొయ్య నలిగిపోవును. ఇంకను తగ్గినచో ప్రొద్దు పొడుచులోపల చెరువంతయు పోవచ్చును. మన దేశమున వనామీ రొయ్య పెంపకమునకు 2009లో అనుమతి లభించిన పిమ్మట ఎకరమునకు వదలు పిల్లల సంఖ్య పెరిగినది. అది పెరిగిన కొలది, ఏరియేటరు ఆగినపుడు రైతుకు మిగులు వ్యవధి తగ్గినది. కరెంటు పోయిన తోడనే స్టార్టరులోని కాయిలు విడిపోవును. కరెంటు తిరిగి వచ్చినను, ఎవరైనను పోయి పచ్చ బొత్తాము నొక్కిననే గాని మోటారు లేవదు. ఆటోస్టార్టరు పెట్టినచో దానంతట నదియే లేచును గాని, లేచునపుడు ప్రతి మోటారును మామూలునకు ఎన్నో రెట్ల కరెంటు లాగును గనుక, ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది మోటారులన్నియు ఒక్క క్షణమున లేచినచో ట్రాన్స్‌ఫార్మరునకే ముప్పు. మొబైల్ స్టార్టరు ఈ రెండు కష్టములకు నడిమి మార్గము. కరెంటు పోయినదనియు వచ్చినదనియు అది రైతునకు తెలుపును. దేనిని ఎప్పుడు నడపవలెనో రైతు తెలుపును. నిర్ణయము మనుష్యునియందే యుంచుటయే దాని గొప్పతనము.

ఇట్లు అక్షరములతో మోడెమునకు ఆజ్ఞాపించు పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలోని అట్లాంటా నగరమున డెన్నిస్ హేస్, డేల్ హెదరింగ్టన్ అను నిరువురు 1981లో స్మార్ట్‌మోడెమ్ అను పరికరమును విపణికి తెచ్చిరి. దాని వేగము సెకనుకు 300 బిట్లు. అంతకు పూర్వము సామాన్యులు వాడిన మోడెములలో పెక్కింటికి మనుష్యుడే టెలిఫోను అంకెలు త్రిప్పి, ఆవలి యంత్రపు కూత విని, రిసీవరును రెండు రబ్బరు గిన్నెలలో పొదుగవలసియుండెను. మోడెము తానే నంబరు త్రిప్పవలెనన్నచో, త్రిప్పుమని దానికి చెప్పు మార్గ ముండవలెను గదా! కంప్యూటరునుండి మోడెమునకు అక్షరములు పోవు దారి ఒక్కటే. దూరముననున్నవానికి చేరవలసిన సమాచారమును, మోడెము తాను పాటింపవలసిన ఆజ్ఞయు ఆ దారినే పోవలెను. ఇందులో ఆజ్ఞ యేది, సమాచార మేది అని యంత్రము తెలిసికొను టెట్లు? మోడెమునకు రెండు స్థితులు కల్పించుటయే వారు కనుగొన్న యుపాయము. ఆజ్ఞలు వినుస్థితిలో ‘ఏటీ’ అను రెండక్షరములతో మొదలగు ప్రతి పంక్తియు ఆజ్ఞయే: ఏటీడీ యన్నచో నంబరు త్రిప్పుము, ఏటీఏ యన్నచో వచ్చిన కాలు నందుకొనుము, ఏటీహెచ్ యన్నచో లైను వదలుము, ఏటీజడ్ యన్నచో మొదటి యమరికకు మరలుము. ‘ఏటీ’ అను ఆ యక్షరముల యెంపికలో గొప్ప నేర్పు కలదు. ‘ఏ’ అను అక్షరపు బిట్ల వరుసనుండి మోడెము తనతో మాటాడువాని వేగమును కొలుచుకొనును; ‘టీ’ని దానితో కలిపి చూచి, తప్పులు పట్టు బిట్టైన పారిటీ తీరును గ్రహించును. పలుకరించిన తోడనే పలుకరించినవాని తీరు తెలిసికొను నన్నమాట.

సంభాషణ నడుమ మరల ఆజ్ఞాస్థితికి వచ్చుటకు వారు చేసిన యేర్పాటు ఇంకను రమణీయము: ఒక సెకను మౌనము, వెనువెంటనే మూడు ప్లస్ గుర్తులు, మరల ఒక సెకను మౌనము. సాధారణముగా ప్రవహించు సమాచారమున మూడు ప్లస్సులు యాదృచ్ఛికముగా రావచ్చును గాని, వానికి ముందు వెనుకల అంతటి మౌనము పడుట అరుదు. హేస్ సంస్థ ఈ యుపాయమునకు పేటెంటు పొందినది. ఆ పేటెంటు రుసుము చెల్లించుటకు ఇష్టపడని కొందరు తయారీదారులు మౌనమును విడిచిపెట్టి మూడు ప్లస్సులనే నమ్ముకొనిరి. తత్ఫలితముగా 1990ల చివర, ఆ ప్లస్సులను, లైను వదలు ఆజ్ఞను తన సందేశమున చేర్చి పంపి ఎదుటివాని కనెక్షనును తెగగొట్టు ఆకతాయిలు బయలుదేరిరి. ఆజ్ఞాభాష నిర్మాణమున ఒక్క సెకను మౌనమునకు ఎంత విలువ కలదో దీనివలన తెలియుచున్నది.

హేస్ సంస్థ 1999లో మూతపడినది. దాని భాష మాత్రము నిలిచినది. అంతర్జాతీయ టెలికాం సమితి దానిని వీ.250 అను ప్రమాణముగా స్వీకరించినది. జీఎస్ఎం సెల్‌ఫోనుల కొరకు యూరపు ప్రమాణసంస్థ దానిని విస్తరించినది. నేటి 4జీ, 5జీ మోడెములును ‘ఏటీ’ యన్నచో ‘ఓకే’ యనియే పలుకును. మన దేశమున 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు ఇంటర్నెట్టును ప్రజలకు తెరచిన తరువాతి దినములలో మోడెము కొన్న మధ్యతరగతి గృహస్థులు పెక్కుమంది ఈ భాషలో ఒకటి రెండు మాటలైనను నేర్చిరి. పాతరకపు ఎక్స్ఛేంజి గల ఊళ్లవారు టోనుతో నంబరు త్రిప్పు ఏటీడీటీకి బదులు పల్సుతో త్రిప్పు ఏటీడీపీ యని కొట్టవలసియుండెను. రాత్రివేళ ఇంటిల్లిపాది నిద్రించుచుండగా లైను కలియునపుడు వచ్చు కీచుధ్వని వెలువడకుండ ఏటీఎమ్0 అని కొట్టి మోడెము నోరు మూయించువారు. ఆ మోడెములతోపాటు ఆజ్ఞలన్నియు అచ్చువేసిన చిన్న పుస్తకము వచ్చుచుండెను. నేడు రైతు కొను డబ్బాలో ఆ పుస్తకము లేదు. దాని స్థానమున, స్టార్టు, స్టాపు అను రెండు మాటలు ముద్రించిన కాగితపు ముక్కయు, సర్వీసు నంబరును కలవు.

ఆ ముక్కతో సరిపెట్టుకొనుట యెట్టిదో గత వేసవిని మా బంధువుల చెరువుకడ చూచితిని. స్టార్టరు సందేశములకు పలుకుట మానినది. అమ్మినవారిని పిలువగా, డబ్బా పోయినది, క్రొత్తది కొనుడనిరి. పోయినదని యెట్లు తెలిసినదని యడుగగా, అది కంపెనీవారికి మాత్రమే తెలియు సంగతి యనిరి. పాలిటెక్నిక్ చదువుచున్న మా మేనల్లుడు త్రీఫేజు మెయిను కట్టివేయించి, మూత విప్పి, మోడెమునుండి మూడు సన్నని తీగలను తన ల్యాప్‌టాపునకు కలిపి, ‘ఏటీ’ యని కొట్టెను. తెరమీద ‘ఓకే’ యని వచ్చెను. మోడెము బ్రతికియేయున్నది! ఏటీ+సీపీఐఎన్? అని కొట్టగా ‘రెడీ’ యనెను. సిమ్మును బాగుగనే యున్నది. ఏటీ+సీఆర్ఈజీ? అని కొట్టగా వచ్చిన సమాధానమున రెండవ అంకె 2. అనగా మోడెము టవరు కొరకు ఇంకను వెదకుచునేయున్నది. ఏటీ+సీఎస్‌క్యూ అని కొట్టగా 6 వచ్చెను. ఆ కొలమానము 0 మొదలు 31 వరకు. పదికి లోపలయినచో సిగ్నలు బలహీనమని యర్థము. “మామయ్యా, డబ్బాకేం కాలేదు, ఏంటెన్నా బిగింపు తుప్పు పట్టింది” అని వాడు చేతితో చూపెను. ఉప్పుగాలికిని చెరువు తేమకును ఆ యిత్తడి మర పచ్చబడియుండెను. క్రొత్త ఏంటెన్నా తెచ్చి, కొంత పొడవు తీగతో స్తంభముమీదికి ఎత్తి కట్టగా, అదే ప్రశ్నకు 17 అని సమాధానము వచ్చెను. కొలది నిమిషములలో ఏరియేటరు సందేశమునకు పలికెను. క్రొత్త డబ్బా వెలతో పోల్చినచో దానికైన ఖర్చు లెక్కలోనిది కాదు.

ఆ నాలుగు ప్రశ్నలలో ఏదియు రహస్యము కాదు. అంతర్జాతీయ ప్రమాణములలో అచ్చయి, ఎవరైనను చదువుకొనుటకు వీలుగానున్నవి. రహస్యము చేసినది అమ్మకపుదారులే. డబ్బాలోని మైక్రోకంట్రోలరు ఈ ప్రశ్నలను తనంతట తాను వేసి, వచ్చిన జవాబును రైతునకు ఒక సందేశముగా పంపుట యెంత పని? ‘సిగ్నలు’ అని రైతు పంపినచో ‘31కి 6’ అని బదులు రావలెను. ‘సిమ్ము’ అని పంపినచో ఏ కంపెనీ జాలములో నున్నదో చెప్పవలెను. ఇది లేకపోవుటచేత జరుగు నష్టములు పెక్కు. ఈ డబ్బాలలో అనేకము 2జీ మోడెముతో తయారైనవి. జియోకు 2జీ జాలము లేదు. రీఛార్జి చౌకయని ఆ సిమ్ము వేసిన రైతు, డబ్బా చెడినదని తలచి తిరిగి అంగడికి పోవును. సిమ్ము గడువు తీరి సందేశములు ఆగిపోయినపుడును అంతే. ఒక్క ప్రశ్నతో తేలవలసిన సంగతికి రైతు ఒక రాత్రి కాపలాయు, ఒక దినపు ప్రయాణమును వ్యయపరచుచున్నాడు. చెరువు కర్మము బాగుండనిచో పంటను గూడ.

ఆజ్ఞలు నలుగురికి తెలిసినచో దొంగలకును తెలియును గదా యని యొక యాక్షేపము కలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆండ్రాయిడు ఫోనులలో తయారీదారులు దాచియుంచిన ఏటీ ఆజ్ఞలను అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు పరిశోధకులు మరికొందరితో కూడి 2018లో వెలికితీసిరి. పదునొకండు కంపెనీల 2,000 ఫర్మువేరులను గాలించి 3,500 ఆజ్ఞలను పట్టుకొనిరి. వానిలో కొన్ని యూఎస్‌బీ తీగద్వారా ఫోను తాళమును దాటి పోగలవని నిరూపించిరి. దీనినుండి మనము గ్రహింపవలసిన దేమి? ఆ యాజ్ఞలు లోకమునకు తెలియకపోవుటయే వానిని అన్నినాళ్లు అపాయకరములుగా నుంచినది; యజమానికి తెలియని తలుపునకు యజమాని గడియ పెట్టలేడు. స్టార్టరునకు రక్షణ ఆజ్ఞల పేరు దాచుటలో లేదు. ఏయే ఫోను నంబరుల మాట వినవలెనో రైతే నిర్ణయించు పట్టికలో కలదు, మార్చుకొనదగిన సంకేతపదములో కలదు. 1234 అను సంకేతముతో డబ్బానమ్మి, దానిని మార్చు ఆజ్ఞను కాగితమున వ్రాయని వర్తకుడు భద్రతను గూర్చి మాటాడుట యెట్లు చెల్లును?

ఇక భాష సంగతి. ఈ సందేశములన్నియు ఆంగ్లాక్షరములలోనే యుండవలెనను నిర్బంధము ఏ ప్రమాణమునందును లేదు. యూనికోడున తెలుగు సందేశము పంపవచ్చును. ఒక్కొక్క సందేశమున 70 అక్షరములకు చోటు కలదు. ‘మోటారు ఆపు’ అనుటకు అంతయేల? అంతేగాక, సందేశముల అక్షరక్రమమును నిర్ణయించు అంతర్జాతీయ ప్రమాణమున హిందీ, తమిళము, కన్నడములకు వలెనే తెలుగునకును ప్రత్యేకముగా ఒక పట్టిక యేర్పరచియున్నారు. మోడెము తెలుగును మోసికొని పోవుటకు సిద్ధముగానున్నది. ఆ మోడెమును డబ్బాలో బిగించినవాడే తెలుగు వినుటకు సిద్ధముగా లేడు. రాత్రి రెండు గంటలకు గాలివానలో, తడిచేతితో, కండ్లజోడు లేక, ఆంగ్లపదమును ఒక్కయక్షరము తప్పక కొట్టవలసిన వృద్ధరైతు స్థితి నెరిగినవారెవ్వరును దీనిని చిన్న లోపమనరు.

కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించి, దానికి అప్పగించిన నాలుగు రంగములలో వ్యవసాయ పరికరములను చేర్చినది. అదే సంవత్సరము డిసెంబరు 24న దానికై యొక పోర్టలును ప్రారంభించినది. ట్రాక్టరులతోపాటు ఈ చిన్న డబ్బాలును వ్యవసాయ పరికరములే యని మన ప్రజాప్రతినిధులు అక్కడ వాదింపవలెను. అంతవరకు వేచియుండనక్కరలేని పనులును కలవు. 2022లో కృష్ణానుండి ఏలూరు జిల్లాకు మారిన మన మండలమున మత్స్యశాఖవారు, ఆజ్ఞల పట్టిక తెలుగున లేని స్టార్టరును ఏ రాయితీ పథకమునందును చేర్చబోమని వర్తకులకు ఒక్క ఉత్తరువు పంపవచ్చును. గుడ్లవల్లేరు పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాలల అధ్యాపకులు తమ ఎలక్ట్రానిక్సు విద్యార్థులచేత, మన గట్లమీద వాడుకలోనున్న మోడెముల ఆజ్ఞలను తెలుగున కూర్పించి, ప్రతి ఆజ్ఞకును వచ్చు జవాబులను వాని యర్థములతో సహా ఒక పెద్ద కాగితమున అచ్చువేయింపవచ్చును. ఆ కాగితమును ప్రతి రైతు సేవా కేంద్రపు గోడకును అంటించుటకు పెద్ద వ్యయము కాదు; రాబోవు పంటకు చెరువులలో పిల్లను వదలునాటికి ఆ పని ముగియవలెనని కోరుచున్నాను.