తిరిగే చక్రం - కదలని బండి

మా మేనల్లుడు కారు కొన్నాడు. మామూలు కారు కాదు, నాలుగు చక్రాలూ లాగే కారు. "అన్ని కార్లకూ నాలుగు చక్రాలే గదా, దీని ప్రత్యేకత యేమిటి?" అని మా ఆవిడ అమాయకంగా అడిగింది. "వుండటం వేరు, లాగటం వేరు అత్తయ్యా! మామూలు కారులో రెండు చక్రాలు లాగుతాయి, తక్కిన రెండూ వూరికే వెంట వస్తాయి" అన్నాడు వాడు. ఆవిడ ఒకసారి నావంక చూసి, అర్థమయిందన్నట్టు తల వూపింది.

గేరు పక్కన గుండ్రటి మీట ఒకటుంది. దాని చుట్టూ ఆటో, స్పోర్ట్, స్నో, లాక్ అని నాలుగు పేర్లు. స్నో అంటే మంచు. పల్నాడులో మంచు యెక్కడ పడుతుందిరా అని అడగబోయి, కొత్త కారు యజమానిని నొప్పించడమెందుకని వూరుకున్నాను.

కిందటి శ్రావణమాసంలో ఆ కారులోనే పల్నాటి పల్లె ఒకదానికి పెళ్ళికి బయలుదేరాం. ముందురోజు రాత్రంతా వాన. తారురోడ్డున పోతే చుట్టు యెక్కువని మావాడు డొంకదారి పట్టించాడు. నల్లరేగడి నేల సంగతి యెరిగినవాళ్ళకి తక్కిన కథ చెప్పనక్కరలేదు. ఆ మట్టి టైరు గాళ్ళలో మెత్తేసుకుంటే కొత్త టైరు కూడా అరిగిపోయిన టైరు లాగా నున్నగా అయిపోతుంది. బండిచక్రాలు తొలిచిన గాడిలోకి మా ముందు ఎడమచక్రం దిగబడింది. కారు ఆ మూలకు వొరిగింది. దానికి ఎదురుమూల వున్న వెనక కుడిచక్రం నేలను వదిలి జానెడెత్తు లేచింది.

మావాడు కంగారుపడలేదు. మీట లాక్ వైపు తిప్పి ఆక్సిలరేటర్ తొక్కాడు. బురదలో చక్రం గిర్రున తిరిగింది, గాలిలో చక్రం అంతకన్న గిర్రున తిరిగింది. గట్టినేలమీద ఆనివున్న రెండు చక్రాలూ మాత్రం శుభకార్యంలో పెద్దమనుషుల్లాగా కదలకుండా కూచున్నాయి. ఇంతలో కారు అడుగునుంచి టకటకమని చప్పుడు. ఏదో విరుగుతోందనుకుని వాడు కాలు తీసేశాడు. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ టకటక, మళ్ళీ కాలు తీశాడు. మూడుసార్లయింది.

ఇక్కడ కథ ఆపి ఒక సంగతి చెప్పాలి.

బండి మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం లోపలివైపు చక్రంకన్న యెక్కువ దూరం నడవాలి. రెండు చక్రాలమధ్య యెడం మీటరున్నర అనుకుంటే, ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి బయటి చక్రం 9 మీటర్లకు పైగా అదనంగా నడుస్తుంది. రెంటినీ ఒకే ఇరుసుకు బిగించేస్తే యేదో ఒకటి నేలమీద యీడ్చుకుపోవలసిందే. అందుకని మధ్యలో డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల పెట్టె పెడతారు. దాని ధర్మమా అని రెండు చక్రాలూ వేరువేరు వేగాలతో తిరగగలవు. కాని దానికొక గుణముంది: రెండు వైపులకీ బలాన్ని సమానంగానే పంచుతుంది. నడుమ మేకుమీద వూగే కాడిని తలచుకోండి. ఒక ఎద్దు కాళ్ళు జారి చతికిలబడితే, రెండో ఎద్దు యెంత లాగినా కాడి అడ్డంగా తిరుగుతుందే గాని బండి ముందుకు రాదు. డిఫరెన్షియల్ వ్యవహారం అచ్చంగా అదే. గాలిలో వున్న చక్రాన్ని తిప్పటానికి బలం యేమంత అక్కరలేదు. అందుచేత నేలమీదున్న దాని జతకీ ఆ కాస్తే దక్కుతుంది.

ఇటువంటి పెట్టె ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి. లాక్ అనే మాట ఇక్కడే మనల్ని మోసగిస్తుంది. అది బిగించేది ముందు ఇరుసునీ వెనక ఇరుసునీ. అంతేగాని ఎడమచక్రాన్నీ కుడిచక్రాన్నీ కాదు. ప్రతి ఇరుసుకూ ఒక చక్రం పట్టు తప్పిందా, కాగితంమీద నాలుగు చక్రాల కారు, నేలమీద నిలబడిపోయిన కారు.

మా అవస్థ చూసి చేలోనుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ముప్ఫయ్యేళ్ళు ట్రాక్టరు తోలినవాడట. ఒకసారి వంగి చక్రాలవంక చూసి, "మా ట్రాక్టరుకైతే మడమకింద ఒక పెడలుంటది బాబూ. అది తొక్కితే రెండు చక్రాలూ ఒకటైపోతయ్. మీదానికి లేదా?" అన్నాడు.

"లేదు తాతా."

"పోనీ, బ్రేకులు రెండున్నాయా?"

మావాడు నవ్వబోయాడు. కాని ఆ ముసలాయన అడిగింది అసలైన ప్రశ్న. ట్రాక్టరుకు ఎడమచక్రానికొకటి, కుడిచక్రానికొకటి వేరు వేరు బ్రేకు పెడళ్ళుంటాయి. దుక్కిలో ఒక చక్రం వూరికే తిరుగుతూంటే, తోలేవాడు ఆ వైపు బ్రేకు మాత్రం కాస్త తొక్కుతాడు. తిరిగే చక్రానికి అడ్డు తగిలితే దాన్ని తిప్పటానికి బలం కావలసివస్తుంది. బలాన్ని సమానంగా పంచటమే డిఫరెన్షియల్ నియమం గనుక, అంత బలమూ రెండో చక్రానికి కూడా పోక తప్పదు. చతికిలబడ్డ ఎద్దువైపు కాడిని మనిషి పట్టుకుని ఆపినట్టన్నమాట.

ఇంటికి వచ్చాక కారుతో ఇచ్చిన పుస్తకం తెరిస్తే, మావాడి కారు చేసేదీ ఆ పనే. ప్రతి చక్రం దగ్గరా దాని వేగాన్ని కొలిచే సాధనం వుంటుంది. తక్కినవాటికన్న యేది వడిగా తిరుగుతూంటే దాన్ని ఒక పంపు బ్రేకు వేసి పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. ఆ టకటక అదే! మావాడు విరుగుతోందని భయపడ్డ చప్పుడు, కారు తన పని మొదలుపెట్టిన చప్పుడు. అది పట్టుకునే సమయానికి వీడు కాలు తీసేస్తున్నాడు.

డొంకలో మాకింత తెలియదు. "చప్పుడు కానీయండి బాబూ, కాలు తియ్యమాకండి. గట్టిగా తొక్కమాకండి, ఒక్క తీరుగా వుంచండి" అన్నాడు పెద్దాయన. మావాడు పళ్ళు బిగబట్టి అలాగే వుంచాడు. రెండు క్షణాలు, మూడు క్షణాలు. తిరిగే చక్రాలు నెమ్మదించాయి. కూచున్నవి కదిలాయి. కారు మూలుగుతూ గాడిలోంచి పైకి లేచింది. మా ఆవిడ చేతిలోని పూలబుట్ట మాత్రం నా నెత్తిన పడింది.

తక్కిన పేర్ల సంగతి టూకీగా చెబుతాను. ఆటోలో పెడితే మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి. అవి జారితే మధ్యనున్న క్లచ్చి బిగిసి వెనక చక్రాలకు బలం పంపుతుంది. స్నో అన్నది మంచుకే కాదు, బురదరోడ్డుకీ కంకరకీ కూడా: ఆక్సిలరేటర్ మెత్తబడి, జారకముందే వెనక చక్రాలు తోడొస్తాయి. స్పోర్ట్ కుర్రాళ్ళ సరదాకి. ఈ నాలుగు పేర్లూ 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారాలో వున్నాయి. 2014లో రెనో డస్టర్ మూడింటితోనే సరిపెట్టింది. 2023లో వచ్చిన జిమ్నీ కారుది పాత జీపుల సంప్రదాయం: పక్కన వేరే మీట, ముందు వెనకలను గట్టిగా కలిపే అమరిక, కొండ యెక్కటానికి తక్కువ గేరు. అది యెండిన తారురోడ్డున వేసుకు తిరగరాదు. మలుపుల్లో ముందు వెనక ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. ఆటో రకం కార్లలో క్లచ్చి సున్నితం. ఇసుకలో అదేపనిగా తిప్పితే వేడెక్కి, చల్లారేదాకా పని మానేస్తుంది.

ఇక మళ్ళీ పెళ్ళిప్రయాణం. ఊరు మూడు మైళ్ళుందనగా వాగు. చప్టామీదనుంచి నీళ్ళు పారుతున్నాయి, ఎర్రగా, చప్పుడు లేకుండా. "లాక్‌లో పెట్టి దాటేద్దాం మామయ్యా, ఇందాక చూశారుగా" అన్నాడు మావాడు. ఇందాకటి గెలుపు వాడి తలకెక్కింది. మా ఆవిడ తలుపు తీసుకుని దిగిపోయింది. "మీరిద్దరూ యేం లెక్కలేసుకుంటారో వేసుకోండి, నేనిక్కడే వుంటా" అంది.

నేను శుభలేఖ వెనకవైపు నిజంగానే లెక్క వేశాను. కారు బరువు సుమారు 1,300 కిలోలు. పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, వెడల్పు మీటరూ ముప్పాతిక. అడుగుభాగం నేలకు 21 సెంటీమీటర్ల యెత్తున వుంది. నీరు దాన్ని దాటి 10 సెంటీమీటర్లు పెరిగితే, కారు పక్కకు నెట్టే నీరు 600, 700 కిలోలు. అంత బరువూ చక్రాలమీదనుంచి తీసేసినట్టే. ఇంకో 10 పెరిగితే, అంటే మోకాలి లోతుకు, కారు బరువంతా నీళ్ళే మోస్తాయి. నేలను అదిమేది మా ముగ్గురి బరువు మాత్రం. పట్టు అనేది బరువునిబట్టి వుంటుంది. బరువే లేనప్పుడు లాక్ దేన్ని పట్టుకుని లాగుతుంది? పైగా ప్రవాహం పక్కనుంచి తోస్తూనే వుంటుంది.

"మరి బ్రేకు?" అన్నాడు వాడు, కాస్త తగ్గి.

"ప్రతి కారుకీ బ్రేకు నాలుగు చక్రాలకీ వుందిరా. ఆగటంలో నీ కారుకి యెక్కువేమీ లేదు."

చప్టా పక్కన పాతిన రాతికి అంకెలు వేసివున్నాయి. నీరు అన్నిటికన్న కింది అంకెను ముంచేసింది. ఆ నీటికింద చప్టా వుందో, కొట్టుకుపోయిందో చూడటానికి వీలు లేదు. మావాడు కొంతసేపు చక్రంమీద చేతులుంచుకుని కూచున్నాడు. తరవాత మాట్లాడకుండా కారు వెనక్కు తిప్పి, మీట ఆటోలో పెట్టాడు.

తారురోడ్డున చుట్టూ తిరిగి వెళ్ళేసరికి తలంబ్రాలు అయిపోయాయి. ఆఖరి బంతిలో కూచున్నాం. గారెలు అయిపోయాయన్నారు, గోంగూర మాత్రం పుష్కలంగా వుంది.