స్కిల్ ల్యాబ్ తాళాలు తీయండి

20 గేజ్ కాన్యులా ఏ రంగు? హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో ఏ నర్సింగ్ అమ్మాయిని నిద్రలేపి అడిగినా గులాబీ అంటుంది. 22 నీలం, 18 ఆకుపచ్చ. అదే కాన్యులా చేతికిచ్చి నరం పట్టమంటే వేళ్లు వణుకుతాయి. మొన్న చిక్కడపల్లి గ్రంథాలయం ఆవరణలో ఇద్దరు అమ్మాయిలు పెన్ను రీఫిల్‌నే సూదిగా పట్టుకుని, ఒకరి చేతి మీద ఒకరు కోణం సరిచూసుకుంటున్నారు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లూ పూర్తిచేసినవాళ్లు!

వాళ్ల కాలేజీలో సాధన చేసే బొమ్మ లేక కాదు. ఉంది, పాలిథిన్ కవరులో. తనిఖీ రోజున కవరు తీశారు, జీపు కదలగానే తొడిగేశారు. ల్యాబ్ తాళంచెవి ట్యూటర్ హ్యాండ్‌బ్యాగులో, ట్యూటర్ నాలుగింటికి బస్టాపులో. బ్యాచ్ మొత్తానికి ఒకే డెమో: ముందున్నవాళ్లకు మేడమ్ చేతులు కనిపించాయి, వెనకున్నవాళ్లకు ముందున్నవాళ్ల జడలు. మర్నాడు లాగ్‌బుక్కుల్లో మాత్రం అందరికీ సంతకాలు పడ్డాయి. ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబు తాకనైనా తాకని పిల్ల కాగితం మీద పదిసార్లు వేసేసింది. ఇది చదువు కాదు, దొంగలెక్క.

1911లోనే అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ స్కూలు కోసం మార్తా చేజ్ అనే బొమ్మల తయారీదారు నిలువెత్తు బొమ్మ చేసిచ్చింది. 1960లో నార్వే ఆటబొమ్మల వ్యాపారి లేర్డల్ సీపీఆర్ బొమ్మ తెచ్చాడు. అవి పుట్టిందే పదిమంది చేతుల్లో నలగడానికి. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021 సిలబస్ కూడా సిమ్యులేషన్‌కు చోటిచ్చింది. చోటు కాగితం మీదే మిగిలింది.

తెలంగాణ సర్కారైనా చేతి పనితనం అడిగిందా? 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి నర్సింగ్ ఆఫీసర్ల నియామక పత్రాలిచ్చారు. అదే ఏడాది మరో 2,050 పోస్టుల నోటిఫికేషన్ వచ్చింది. రాతపరీక్షకు 80 మార్కులు, సర్కారీ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు సర్వీసుకు 20. సూది పట్టడానికి సున్నా. అందుకే అశోక్‌నగర్‌లో బిట్‌బ్యాంకులు కుప్పలు, బొమ్మ చెయ్యి ఒక్కటీ లేదు.

ల్యాబ్ తాళాలు పిల్లలకే ఇస్తే, పక్కన ట్యూటర్ లేక తప్పులే అలవాటవుతాయని కొందరి బెంగ. సీపీఆర్ బొమ్మల్లో చాలావాటికి ఛాతీ ఐదు సెంటీమీటర్లు దిగితే క్లిక్‌మనే ఏర్పాటుంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలన్న లెక్క ఫోనే చూస్తుంది. మిగతా పనులకు చెక్‌లిస్టు పట్టుకుని జతగత్తె నిలబడితే సరి. వారానికో గంట ట్యూటర్ వచ్చి దిద్దొచ్చు. సామాను పాడవుతుందనేవాళ్లకు జవాబు అనవసరం.

చిక్కడపల్లి గ్రంథాలయంలో ఎవరూ నెత్తిన కూర్చుని చదివించడం లేదు. గది, బల్ల, లైటు ఇచ్చారు, పిల్లలే చదువుకుంటున్నారు. సూదికీ అదే కావాలి. ప్రతి కాలేజీ ల్యాబూ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా, ఆదివారం పగలంతా తెరవాలి. తాళంచెవి ఫైనలియర్ వాళ్ల దగ్గర ఉండాలి. చదువు ముగించి ఉద్యోగం కోసం కూర్చున్నవాళ్లకు నారాయణగూడలో ఒక హాలు, రెండు బొమ్మ చేతులు, ఒక సీపీఆర్ బొమ్మ, సంతకాలకు రిజిస్టరు. ఈసారి ఆ సంతకం నిజంగా సాధన చేసినవాళ్లదే అయ్యుండాలి.