బండల ఊరి బాట

మన యిళ్లలో ఎక్కడో ఒకచోట బేతంచెర్ల బండ వుండే వుంటుంది. వంటింట్లోనో, వసారాలోనో, తులసికోట చుట్టూనో. వేసవి మధ్యాహ్నం చాపైనా పరుచుకోకుండా దాని మీద నడుం వాల్చిన సుఖం మరవగలమా? ఆ బండ మన గడప తొక్కడానికి ముందు ఎంత బాట నడిచి వచ్చిందో మాత్రం మనం ఆలోచించం.

ఆ మధ్య ఒక బస్తీలో మా పిన్నమ్మగారింటికి వెళ్లాను. వాళ్ల వీధికి సిమెంటు రోడ్డు వేసి మూడు నెలలు తిరక్కుండానే నీళ్ల గొట్టానికని అడ్డంగా తవ్వి, మట్టితో పూడ్చి వెళ్లారట. తొలకరికి ఆ మట్టి కుంగింది. చీకట్లో పాలకు వెళ్లిన పిన్నమ్మ గుంటలో పడి చీలమండ విరగ్గొట్టుకుంది. "ఒరే, రోడ్డు వేసేముందు గొట్టం సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదుట్రా?" అని అడిగింది. నేను నీళ్లు నమిలాను.

జవాబు ఆలోచిస్తే సంచుల్లో కనబడింది. డెబ్భైనాలుగో రాజ్యాంగ సవరణ 1992లో వీధులనూ, మంచినీటినీ పట్టణ సభలు చూడదగ్గ పనుల జాబితాలో పక్కపక్కనే చేర్చింది. కాని డబ్బు వేరువేరు సంచుల్లో వస్తుంది. 2021-26 సంవత్సరాలకు పదిహేనవ ఆర్థిక సంఘం చిన్న పట్టణాలకు సిఫారసు చేసిన సొమ్ములో రూపాయికి అరవై పైసలు మంచినీటికీ, పారిశుద్ధ్యానికీ ముడిపెట్టింది. తక్కిన అన్ని అవసరాలకూ మిగిలింది నలభై పైసలు. 2021 అక్టోబరులో పట్టణాలన్నిటా ఇంటింటికీ కుళాయి అంటూ అమృత్ రెండో విడత మొదలైంది. రోడ్డు సంచి ముందు విప్పి, గొట్టం సంచి వెనక విప్పితే వేసిన రోడ్డు తవ్వక తప్పుతుందా?

బేతంచెర్ల వంటి ఊరికి యిది మరీ బరువు. మొన్నటిదాకా అది పంచాయతీ. నగర పంచాయతీకి 2021 నవంబరులో ఎన్నికలు జరిగాయి. 2022 ఏప్రిల్లో ఊరు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాకు మారింది. ఇంటిపన్ను రాబడి చిన్నది, లారీలు పెద్దవి. 1958-60 మధ్య అమెరికాలో లారీలను పరీక్ష రోడ్ల మీద తిప్పి చూసి ఇంజనీర్లు ఒక లెక్క తేల్చారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు తగిలే దెబ్బ రెట్టింపు కాదు, దాదాపు పదహారు రెట్లు! మన దేశంలో నాలుగు టైర్ల ఒంటి ఇరుసు మోయదగ్గ బరువును 2018లో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. పెరిగింది 1.3 టన్నులే, దెబ్బ మాత్రం ఒకటిన్నర రెట్ల పైమాటే.

ఆ లారీలే ఊరికి అన్నం పెడుతున్నాయి, వాటిని ఆపమనలేం. కాని 2015 చట్టంతో జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. గనుల వల్ల నలిగిన ఊళ్ల కోసం పెట్టిన ఆ నిధిలో కొంత రోడ్లకూ వాడుకోవచ్చు. అడిగేవాళ్లు కావాలి.

తవ్వకానికీ పద్ధతి లేకపోలేదు. వీధి కింద ఏ గొట్టం, ఏ తీగ ఎక్కడ, ఎంత లోతున పోవాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు మార్గదర్శకాలు రాసిపెట్టింది. తవ్వేవాళ్లు తీగల యజమానులకు ముందుగా కబురందించడానికి 2023 మార్చిలో కేంద్రం సెల్ ఫోనులోనే ఏర్పాటు చేసింది. తవ్వుకునే వారిచేత పూడ్పు ఖర్చు ముందే కట్టించుకోవచ్చు. అయితే పూడ్చినది గట్టిగా వుందో లేదో నిలబడి చూసే మనిషేడీ?

బేతంచెర్లలో బండలు పరిచే ఒక పెద్దాయనతో ఈ మాటే అంటే నవ్వాడు. "పైన బండ ఎంత నున్నగుంటే ఏం సామీ? కింద మట్టి తడిపి దిమ్మిస కొట్టల్ల. లేకుంటే నెలకే కుంగుతాది" అన్నాడు.

ఇంత చదివీ నాకు తోచనిది ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. మార్చి లోపల మీ పట్టణ బడ్జెటు తయారయ్యేటప్పుడు మీ వార్డు సభ్యుణ్ణి కలిసి మూడే ప్రశ్నలు అడగండి. "ఈ ఏడు మా వీధికి రోడ్డు ముందా, గొట్టం ముందా? వేసిన రోడ్డు బాగుచేతకు ఏటా ఎంత తీసి పెడుతున్నారు? పూడ్చిన గుంటను చూసి సంతకం పెట్టేదెవరు?"

మా పిన్నమ్మ కాలికట్టు ఇంకా విప్పలేదు. ఆ మూడో ప్రశ్న ఆవిడదే.