జ్వరం తగ్గిందిలే అనకండి

ఇందుకూరుపేట నుంచి వాకాడు దాకా మన యానాది కాలనీల్లో ఈ మాట చేరాలి. డెంగీ ముదిరితే అందరిలో ఒకేలా ఉండదు. పిల్లల్లో రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయి, కాళ్లూ చేతులూ చల్లబడి షాక్ వచ్చేస్తుంది. వయసొచ్చిన ఆడపిల్లకు నెలసరి రక్తం ఎక్కువైతే మామూలే అనుకోవద్దు. పెద్దల్లో రక్తస్రావం, కాలేయం దెబ్బతినడం ఎక్కువ. షుగరుంటే ఇంకా ముప్పు.

అసలు గండం 3 నుంచి 7 రోజుల మధ్య, జ్వరం దిగేటప్పుడే. రొయ్యల గుంటకు పనికి పొమ్మనేదీ అప్పుడే! కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత ఉంటే ఆస్పత్రికి పరుగెత్తండి. ఆధార్ లేదన్నారని వెనక్కి రావద్దు.

నీళ్లు దాచొద్దంటారు. కుళాయి రాని కాలనీలో దాచక ఏం చేస్తాం? ముందు నీళ్లివ్వండి, తర్వాత నీతులు చెప్పండి.