ధరకు లొంగని వ్యసనం

2020 ఆగస్టు మొదటివారంలో కడప జిల్లా పెండ్లిమర్రి మండలంలో శానిటైజర్ తాగి ముగ్గురు చనిపోయారు. అంతకు కొద్దిరోజుల ముందే ప్రకాశం జిల్లా కురిచేడులో అదే తాగి పదిమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. కరోనా భయంతో చేతులకు రాసుకోవలసిన మందు గొంతులోకి ఎందుకు దిగింది?

జవాబు ఆ ఏడాది మే నెలలో దొరుకుతుంది. లాక్‌డౌన్ సడలగానే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మద్యం ధరలను ఒకరోజు 25 శాతం, మర్నాడు మరో 50 శాతం పెంచింది. అంతకుముందు, 2019 అక్టోబరు 1న, దుకాణాలను తన చేతిలోకి తీసుకుని 4,380 నుంచి 3,500కు కుదించింది. దశలవారీ నిషేధానికి ఇవి మెట్లని చెప్పింది.

పన్ను పెరిగితే తాగుడు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటుంది. పండక్కో పబ్బానికో తాగేవాడు, కొత్తగా అలవాటు పడబోయే కుర్రవాడు ధర చూసి వెనక్కి తగ్గుతారు. ఒళ్లే మద్యానికి బానిసైనవాడి సంగతి వేరు. ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. కొందరికి ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. 2020 మార్చి చివర దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివాళ్లు బారులు తీరారు. ధర పెరిగి కూలి డబ్బుకు క్వార్టర్ సీసా అందనప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఇలా బానిసలైనవాళ్లు చేతికి దొరికిందల్లా తాగారు. మిథనాల్ కలిసిన నకిలీ సరుకైతే అది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి చూపును పోగొడుతుంది, ప్రాణమూ తీస్తుంది.

కర్నూలు వాసులకు ఇంకో దారి ఉంది. తుంగభద్ర దాటితే తెలంగాణ. ఆదోని, ఆలూరు, మంత్రాలయం పక్కనే కర్ణాటక. పంచలింగాల చెక్‌పోస్టు దగ్గర తెలంగాణ సీసాలు, పడమటి పల్లెల్లో కర్ణాటక టెట్రా ప్యాకెట్లు పట్టుబడటం మామూలైపోయింది. 2020 సెప్టెంబరులో పొరుగు రాష్ట్రాల నుంచి మూడు సీసాలు తెచ్చుకోవచ్చని హైకోర్టు తీర్పు ఇస్తే, అక్టోబరులో ప్రభుత్వం పర్మిట్ తప్పనిసరి చేసింది. చౌక రకాల ధరలను మాత్రం ఆ సెప్టెంబరులోనే తగ్గించక తప్పలేదు.

నిషేధం ఈ నేలకు కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాజేసిన ఉద్యమానికి తలొగ్గి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించిన ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి కర్నూలు జిల్లావారే. 1995 జనవరిలో ఎన్టీఆర్ తెచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 23.3 శాతం మంది తాగుతారు. తెలంగాణలో అది 43.3 శాతం. తాగేవాళ్లు తక్కువే అయినా, తాగుడు జబ్బుగా ముదిరినవాళ్ల నిష్పత్తి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ ఒకటని 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే తేల్చింది. దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం చికిత్స అందుతోందని కూడా ఆ సర్వేయే చెప్పింది.

2024 అక్టోబరు 16న దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతికి వెళ్లాయి, 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. ధర పెంచినా, దించినా చర్చంతా సీసా చుట్టూనే సాగింది. మానాలనుకున్న కూలీకి కావలసింది తొలి కొద్దిరోజులు ఆసుపత్రిలో ఓ మంచం, వణుకు తగ్గించే మాత్రలు, బి1 విటమిన్, ఆ తర్వాత ఇంటికొచ్చి పలకరించే ఆరోగ్య కార్యకర్త. ఎక్సైజ్ రాబడిలో కొంత పక్కనపెట్టి ఆదోని, ప్రొద్దుటూరు లాంటి ఊళ్ల ప్రభుత్వాసుపత్రుల్లోనే ఇవన్నీ దొరికేలా చేస్తే, అతను కర్నూలుకో కడపకో కూలి పోగొట్టుకుని తిరగనక్కర్లేదు.