కొయ్య ఇంటికి విషం కాపలా వద్దు

నగరానికి దూరంగా కాస్త పొలమో, తోటో కొనుక్కుని, అందులో కొయ్యతో చిన్న ఇల్లు కట్టుకోవాలనే కోరిక నేడు మధ్యతరగతి కుటుంబాలలో బాగా పెరిగింది. ప్రకృతికి చేరువైతే ఆరోగ్యం కలుగుతుందన్న ఆశ అది. మెచ్చదగినదే. కాని కొయ్యతో కట్టినంత మాత్రాన ఇల్లు ఆరోగ్యప్రదం కాదు. తేమ, చెదలు కొయ్యకు ఆజన్మ శత్రువులు. వాటి బారి నుండి కొయ్యను కాపాడవలసినది కట్టడపు తీరే. కట్టడం ఆ పని చేయలేనప్పుడు విష రసాయనాలు చేయవలసి వస్తుంది. ఆ రసాయనాల నడుమ నిద్రించేది మనమూ, మన పిల్లలూ.

చరక సంహిత సూత్రస్థానం పదిహేనవ అధ్యాయంలో, రోగికి చికిత్స చేయడానికి కట్టవలసిన ఇంటి లక్షణాలు చెప్పబడ్డాయి. ఇల్లు దృఢంగా ఉండాలి. ఈదురుగాలి నేరుగా తగలరాదు, అయినా ఒక భాగంలో గాలి చక్కగా ఆడాలి. పొగ, ఎండ, నీరు, ధూళి లోపలికి చొరరాదు. అక్కడ మనిషికి ఏది హితమో, కొయ్యకూ అదే హితం. నూటికి ఇరవై వంతుల లోపు తేమ ఉన్న కొయ్య సాధారణంగా కుళ్లదు. కుళ్లబెట్టే శిలీంధ్రానికి తేమ లేనిదే మనుగడ లేదు.

మన పాత మండువా ఇళ్లను గమనించండి. స్తంభాన్ని నేలలో పాతలేదు, రాతి దిమ్మె మీద నిలిపారు. నేలలోని తేమ రాతిని దాటి పైకి ఎక్కదు. ఎత్తయిన అరుగు, గోడను దాటి బాగా ముందుకు వచ్చిన చూరు వానజల్లును ఆపుతాయి. చెదలు రాతి మీదుగా మట్టి గొట్టం కట్టుకుని వచ్చినా అది కంటికి కనబడుతుంది, చీపురుతో దులిపివేయవచ్చు. ఇక ద్వారబంధానికైనా, దూలానికైనా చేవ గల కలపనే ఎంచేవారు. మాను లోపలి ముదురు భాగమైన చేవలో చెదలకు గిట్టని పదార్థాలు సహజంగానే ఉంటాయి. పైనున్న తెల్ల చెక్కలో అవి ఉండవు సరికదా, పురుగు కోరే పిండిపదార్థం ఉంటుంది. నేడు టేకు అన్న పేరు చూసి మురిసిపోయి కొనే లేత కలపలో ఈ తెల్ల చెక్క పాలు ఎక్కువ. వెదురును కొన్ని వారాలు చెరువులో నానబెట్టి ఆరబెట్టడం వెనుక ఉన్న కిటుకు కూడా ఇదే. పిండిపదార్థం నీటిలో కరిగిపోతే పుచ్చు పురుగుకు ఆహారం మిగలదు. (ఆ చెరువు గట్టున నిలబడలేనంత వాసన వస్తుంది, అది వేరే సంగతి!)

నేటి కుటీరాలలో అనేకం ఇందుకు విరుద్ధం. ఏవో చలిదేశాల చిత్రాలు చూసి గీయించిన నమూనా, చూరు లేని గోడలు, కాంక్రీటులో పాతిన స్తంభాలు, పైన్ వంటి మెత్తని కలప. చెద పట్టగానే మందు చల్లేవారిని పిలుస్తారు. చెదలకు ఒకప్పుడు వాడిన లిండేన్ వాడకాన్ని మన దేశంలో 2013లో నిషేధించారు. అంతవరకూ అదీ క్షేమకరమనే అమ్ముడైనది కదా!

మందు తప్పనిసరి అయితే నా ఓటు వెలిగారానికి. ఆయుర్వేదంలో టంకణమని చెప్పేది దీనినే. వెలిగారం, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో వెదురునూ, కలపనూ నానబెడతారు. అది ఆవిరై గదిలోకి రాదు. వానకు కరిగిపోతుంది కనుక చూరు కింద ఉండే కొయ్యకే పనికివస్తుంది. కడుపులోకి పోతే హానికరం, కనుక ఆ నీటిని పిల్లలకు దూరంగా ఉంచాలి. వేపనూనె మాటేమిటని మన పాఠకులు తప్పక అడుగుతారు. అది చెదలను కొంతకాలం దూరం పెడుతుంది, తరువాత గుణం తగ్గుతుంది. నేలను తాకే స్తంభాన్ని వేపనూనె ఒక్కటే కాపాడుతుందనడం అతిశయోక్తి.

ఇంటి లోపలి చెక్కపని మరొక సమస్య. అల్మరాలకు వాడే చౌకరకం ప్లైవుడ్‌, పార్టికల్ బోర్డులను సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో అతికిస్తారు. కళ్లు మండించే ఈ ఫార్మాల్డిహైడ్ వాయువు మనుషులలో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. ఉక్కపోత పెరిగిన కొద్దీ ఇది మరింతగా వెలువడుతుంది. మన ఇళ్లలో చెక్కపని ముహూర్తానికి ముందురోజు వరకు సాగుతుంది, ఆ రాత్రే చంటిబిడ్డతో సహా అందరూ అక్కడ నిద్రిస్తారు. సాంబ్రాణి పొగ ఆ వాసనను కప్పుతుంది గాని వాయువును తొలగించదు. గృహప్రవేశానికి కనీసం నెల ముందుగా పని ముగించి, అల్మరాలూ కిటికీలూ తెరిచి ఉంచాలి. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే మరికొంత ఆగడం మంచిది.

అన్నిటికంటె మేలైన మార్గం, పాత ఇళ్లు పడగొట్టే చోట దొరికే దూలాలనూ, తలుపులనూ తెచ్చుకోవడం. కొత్తగా చెట్టు కొట్టనక్కరలేదు. దశాబ్దాలుగా ఆరిన కలప కనుక వంకర పోయే భయం తక్కువ. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి గీకించే పని మాత్రం ఇంటి బయట, పిల్లలు తిరగని చోట, సన్నని ధూళిని ఆపే మాస్కు పెట్టించి చేయించాలి.